ఎంతేసినా పట్టలేదు

పోయినవారం చిన్నిని విచారణ గది గుమ్మంలో నిలబెట్టి వదిలేశాం. చేతిలో ఒకదాంట్లో ఒకటి పెట్టిన మూడు గాజు గిన్నెలు, తెల్లకోటు జేబులో రెండు సీసాలు, ఆ కోటు అంచు పట్టుకుని వెనకాలే అక్క. ఖనిజం ప్లాంటులో మందు కలిపే గది తగలబడింది. ఆ గదిలో పనిచేసే బావ ఒళ్ళంతా కాలి, గొంతులో గొట్టంతో, మాట లేకుండా ఆస్పత్రిలో పడి ఉన్నాడు. తాగి, అగ్గిపుల్ల గీసి, గది తగలబెట్టాడని కంపెనీ అంటోంది. ఇవాళ్టి విచారణలో ఆ మాటే ఖాయమైతే బావ మంచం దిగి నేరుగా జైలుకే వెళ్ళాలి. పెళ్ళిళ్ళలో సోడా ఇచ్చినా రెండుసార్లు వాసన చూసి గానీ తాగని మనిషి బావ. అందుకే చిన్ని పోయినవారం కాలిన గది వెనక్కి దూరి, మంటకి దొరక్కుండా మిగిలిన ఒకే ఒక్క డ్రమ్ములోంచి పసుప్పచ్చటి పొడి తవ్వి తెచ్చింది. అది ఇప్పుడు నీళ్ళలో కరిగి ఆమె జేబులో ఉన్న ఒక సీసాలో ఉంది.

తలుపు తెరుచుకుంది.

"రండి రండి, బుడగల మేడమ్!" అన్నాడు మేనేజరు నవ్వుతూ. ల్యాబులో రోజంతా బుడగలకేసి చూస్తూ కూర్చుంటుందని ప్లాంటు వాళ్ళు చిన్నికి పెట్టిన పేరది. వాళ్ళ నోట ముద్దుగా ఉండే ఆ పేరు ఈయన నోట మాత్రం వెటకారంలా వినిపిస్తుంది. ఈయనకీ ఒక పేరుంది, నవ్వుల మేనేజరని. మనిషిని ఉద్యోగంలోంచి తీసేసేటప్పుడు కూడా ఆ నవ్వు చెక్కు చెదరదు.

క్యాంటీను మీద గది అది. కింద, క్యాంటీను అవతల, మిల్లు రాయిని పిండి చేస్తుంటే బల్ల మీద గ్లాసుల్లో నీళ్ళు సన్నగా వణుకుతున్నాయి. బల్లకి ఆ చివర హెడ్డాఫీసు నుంచి వచ్చిన పెద్దాయన కూర్చున్నాడు. ఈ విచారణలో ఆయన మాటే తీర్పు. ఎడమ చెవి సరిగా వినపడక, ఎవరు మాట్లాడినా కుడి చెవి అటు తిప్పుతాడు. చూసేవాళ్ళకి మాత్రం మొహం తిప్పుకుంటున్నట్టే ఉంటుంది. ఆయన పక్కన ఉద్యోగుల వ్యవహారాలు చూసే పర్సనల్ ఆఫీసరు. నిన్నమొన్నటి దాకా చెప్పుల కంపెనీలో చేసి వచ్చాడు. ప్లాంటులోకి అడుగు పెట్టింది ఒక్కసారే, అదీ ఫోటో కోసం. గోడవారన మీసాల ఫోర్‌మన్ టోపీ ఒళ్ళో పెట్టుకుని, దాని అంచుని చపాతీ పిండిలా నలుపుతున్నాడు.

"ఇది ఇంటి వ్యవహారం కాదు. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఎందుకూ?" అన్నాడు పర్సనల్ ఆఫీసరు.

"మా అక్క స్టోర్స్‌లో ఉద్యోగి. నేను ల్యాబులో ఉద్యోగిని. ఇంటి వ్యవహారాలకైతే ఇంత చల్లటి గది దొరకదు లెండి," అంది చిన్ని, కుర్చీ లాక్కుంటూ.

పెద్దాయన చెవి ఇటు తిరిగింది. పెదవి చివర ఏదో కదిలినట్టయింది. "కూర్చోనివ్వండి. మీ సాక్ష్యం ఏదో వినిపించండి ముందు."

పర్సనల్ ఆఫీసరు ఆ మాట కోసమే కాచుకున్నట్టు జేబులోంచి ఫోను తీశాడు. "గొంతులో గొట్టం వెయ్యక ముందు ఆస్పత్రిలో నేనే స్వయంగా అడిగి రికార్డు చేశాను సార్. ఎవరూ బలవంతపెట్టలేదు. తన నోటితో తనే ఒప్పుకున్నాడు."

ఫోను గరగరలాడింది. తర్వాత బావ గొంతు. అది బావ గొంతని నమ్మడానికి చిన్నికి ఒక క్షణం పట్టింది. ఎండిన ఆకుని నలిపినట్టుంది.

"...షిఫ్టెక్కిన దగ్గర్నుంచీ మందేస్తూనే ఉన్నా సార్. ఎంతేసినా పట్టలేదు. ఇంకా వెయ్యి, ఇంకా వెయ్యి అన్నారు. వేశా. మందు ఎక్కువైపోయింది సార్... తల తిరిగింది... తర్వాత నాకేం తెలీదు..."

ఫోను ఆగిపోయింది. అక్క తల దించుకుంది. కోటు అంచు మీద ఆమె పిడికిలి బిగుసుకోవడం చిన్నికి తెలుస్తూనే ఉంది. చిన్నప్పుడు రోడ్డు దాటాలంటే చిన్నే అక్క గౌను అంచు పట్టుకునేది. ఇప్పుడది తిరగబడింది.

"నా నివేదికలో ఇదే రాశాను సార్," అని పర్సనల్ ఆఫీసరు కాగితాల బొత్తి తెరిచి గొంతు సవరించుకున్నాడు. "విధుల్లో చేరినది మొదలు సదరు ఉద్యోగి ఎడతెరిపి లేకుండా మద్యం సేవించినట్లును, ఎంత సేవించినను మత్తు పట్టనందున తోటివారి ప్రోద్బలంతో మరింత సేవించినట్లును..."

చిన్నికి నవ్వొచ్చింది. ఆ నవ్వు గొంతు దాకా వచ్చి అక్కడే కాలి బూడిదైంది. పాతిక మాటల్లేవు బావ చెప్పింది. అవి చెప్పడానికి ఆ మనిషి ఎంత నరకం పడ్డాడో! చర్మం ఊడిన పెదవులతో, ప్రాణాలు కూడగట్టుకుని, ప్లాంటులో ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పాడు. వీడు దాన్ని తీసుకెళ్ళి సారా కొట్టు మెట్ల మీద కూర్చోబెట్టాడు.

"ఫోర్‌మన్ గారూ," అంది చిన్ని లేచి నిలబడుతూ. "మన ప్లాంటులో మందంటే ఏంటండీ?"

మీసాల ఫోర్‌మన్ ఉలిక్కిపడ్డాడు. మేనేజరు వైపు చూశాడు. మేనేజరు నవ్వాడు. ఆ నవ్వుకి అర్థం తెలిసిన ఫోర్‌మన్ మీసం తడుముకుని, "మందంటే... మందేనమ్మా," అన్నాడు.

"తాగే మందా?"

"అంటే... అట్లా అని కాదు... ఇట్లా అనీ కాదు..."

"మంట లేచిన రోజు పొద్దున మైకులో మీ గొంతు ల్యాబు దాకా వినపడింది. 'బోడి నురుగు వస్తోంది, మందు పెంచండిరా, మందు పెంచండి' అని ఒకటే అరుపు. అంటే ఏంటి సార్? ప్లాంటు ప్లాంటంతా తాగి ఊగమని ఆర్డరేశారా?"

పెద్దాయన చెవి ఫోర్‌మన్ వైపు తిరిగింది. అలా తిరిగి, కదలకుండా ఆగిపోయింది.

ఫోర్‌మన్ ఒళ్ళో టోపీ కింద పడింది. తీసుకోవడానికి వంగి, వంగినవాడు వంగినట్టే, "పట్టు మందు సార్," అన్నాడు. "ఖనిజాన్ని నురుగుకి పట్టించడానికి తొట్లలో వేసే మందు. మేమంతా మందనే అంటాం. మందేశావా, మందు పట్టిందా, మందు ఎక్కువైందా అనే మాట్లాడుకుంటాం. ఈ ప్లాంటు పుట్టిన దగ్గర్నుంచీ ఇదే భాష. పెంచమంది నేనే. వాడు వేశాడు."

"మరి ఆ మాట ఇన్ని రోజులుగా ఎందుకు చెప్పలేదయ్యా?" అన్నాడు పెద్దాయన.

"నన్నెవరూ అడగలేదు సార్."

"అడగలేదా!" చిన్ని పర్సనల్ ఆఫీసరు మీదికి తిరిగింది. "ఒక్క మాట సార్, ఒకే ఒక్క మాట. మెట్లు దిగి కిందికెళ్ళి తొట్టి దగ్గరున్న ఎవణ్ణయినా 'బాబూ, మందంటే ఏంటి' అని అడిగుంటే సరిపోయేది. మీ బూట్లకి బురదంటుకుంటుందని ఒక మనిషిని తాగుబోతుని చేసేశారు. మా వీధిలో పాలు పోసే ఆవిడ కూడా అక్క మొహం చూడకుండా పాలు పోసి వెళ్తోంది, తెలుసా మీకు?"

పర్సనల్ ఆఫీసరు మొహం ఎర్రబడింది. "అందరూ మందంటే అదే అనుకుంటారు. నాకేం తెలుసు?"

"తెలీదు కదా? మరి తెలీనట్టే రాయాల్సింది. 'సేవించినట్లును' అని అంత ముచ్చటగా ఎందుకు రాశారు?"

పెద్దాయన చేతిలోని పెన్నుతో బల్ల మీద ఒకసారి కొట్టాడు. "తాగాడన్న మాట ఈ క్షణం నుంచి ఈ గదిలో ఎవరూ ఎత్తొద్దు. అది కొట్టేస్తున్నాను."

అక్క గట్టిగా ఊపిరి వదిలింది. కళ్ళు తుడుచుకుని, కోటు అంచు లాగి, "చాల్లేవే చిన్నీ," అంది చెవిలో. "అదే కదా మనకి కావల్సింది. ఇంక పద, ఇంటికెళ్దాం."

వెళ్ళేవాళ్ళే. కానీ నవ్వుల మేనేజరు నోరు తెరిచాడు.

"శుభం. తాగలేదు. మాకూ సంతోషమే. అయితే సార్, మందు ఎక్కువేశానని మాత్రం తన నోటితోనే అన్నాడు కదా? ఫోర్‌మన్ పెంచమన్నాడు, నిజమే. ఎంత పెంచాలో కలిపేవాడికి ఒక లెక్కుండాలిగా? అంటే తాగి కాదు, ఒళ్ళు తెలీక తగలబెట్టాడు. రాతలో ఒక్క మాట మారుద్దాం, అంతే."

తాగుబోతు కాకపోతే తెలివితక్కువవాడు. ఏదైతేనేం, మంట మాత్రం బావ నెత్తినే ఉండాలి. చిన్ని అరికాలి మంట నెత్తికెక్కింది.

"చిన్నీ, వద్దే," అంది అక్క.

చిన్ని వినలేదు. గిన్నెలు బల్ల మీద పరిచి, గ్లాసుల్లోని నీళ్ళు వాటిలో పోసింది. మిల్లు అదురుకి వాటిలో నీళ్ళు వణికాయి. చుట్టూ చూసి, పర్సనల్ ఆఫీసరు ముందున్న నివేదికని చనువుగా లాక్కుని, మూడు గిన్నెల కిందా మెత్తగా పరిచింది. నీళ్ళు నిలబడ్డాయి.

"దీనివల్ల కలిగిన మొదటి ప్రయోజనం," అంది.

ఫోర్‌మన్‌కి దగ్గొచ్చింది. దగ్గో నవ్వో తెలీకుండా టోపీ అడ్డం పెట్టుకున్నాడు.

చిన్ని కాగితం పొట్లం విప్పి, ఒక్కో గిన్నెలో చిటికెడు ఖనిజపు నలుసులు వేసింది. సీసం ఉన్న నలుసులవి. కొత్త సూది మొనల్లా తళతళలాడుతూ అడుక్కి చేరాయి. జేబులోంచి రబ్బరు తిత్తి ఉన్న గాజు గొట్టం తీసి పెద్దాయనకిచ్చింది.

"నేను చేస్తే ఏదో కనికట్టు చేసిందంటారు. మీరే చెయ్యండి సార్. తిత్తి మెల్లగా నొక్కితే గొట్టం చివర బుడగొకటి వేలాడుతుంది. దాన్ని నలుసుల మీద ఆనించి పైకెత్తండి."

పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని మొదటి గిన్నె మీదికి వంగాడు. బుడగ నలుసుల్ని తాకింది. ఎత్తాడు. బుడగ నున్నగా, ఖాళీగా పైకొచ్చింది.

"ఏం రాలేదే?"

"రాదు సార్. ఒట్టి నీళ్ళవి. ఆ నలుసుకి నీళ్ళతోనే కాపురం. బుడగని దగ్గరికి రానివ్వదు." చిన్ని ఒక సీసా మూత తీసి రెండో గిన్నెలో రెండు చుక్కలు వేసి కలిపింది. కుళ్ళిన క్యాబేజీ లాంటి వాసన సన్నగా తగిలింది. "ఇది మా ల్యాబులో గాలి తగలకుండా దాచుకునే మంచి మందు. కాసేపు నాననివ్వండి... ఆఁ, ఇప్పుడు పెట్టండి."

బుడగ తాకింది. ఎత్తేసరికి బుడగ కనిపించలేదు. దాని కింది సగమంతా తళతళలాడే నలుసులు, తేనెపట్టుని ముసిరిన ఈగల్లా వేలాడుతున్నాయి. పెద్దాయన గొట్టాన్ని అటూ ఇటూ ఊపాడు. ఒక్కటీ రాలలేదు.

"అబ్బో," అన్నాడు, విచారణాధికారినన్న సంగతి మరిచిపోయి. "ఏం జరిగిందమ్మా ఇప్పుడు?"

"ఆ మందు రేణువుకి రెండు కొసలు సార్. ఒక కొస గంధకం. దానికి నలుసు మీది సీసమంటే ప్రాణం. కనపడగానే వెళ్ళి పట్టుకుంటుంది, ఇంక వదలదు. రెండో కొస నూనె తోక లాంటిది. దానికి నీళ్ళంటే గిట్టదు. నలుసు చుట్టూ ఇలాంటి తోకలు బయటికి తిరిగి నిలబడ్డాయనుకోండి, నలుసు మొత్తానికే నీళ్ళ మీద విరక్తి పుడుతుంది. బుడగ కనపడితే చాలు, ఎక్కేస్తుంది. ఒట్టి రాతి నలుసు మీద దానికి పట్టు దొరకదు, అందుకని రాయి అడుగునే ఉండిపోతుంది. ప్లాంటులో పెద్ద తొట్లలో జరిగేదీ ఇదే. కింద నుంచి గాలి ఊదుతారు, బుడగలు ఖనిజాన్ని మోసుకొచ్చి నురుగులో పెడతాయి."

"దీనికి ఎంత మందు కావాలి?"

"చాలా తక్కువ. నలుసు మీద ఒక్క పొర కుదిరితే పనైపోయినట్టే. బిందెలు బిందెలు పొయ్యక్కర్లేదు. ఈ సంగతి మా బావకి తెలుసు. ఫోర్‌మన్ గారికీ తెలుసు. మరి ఆ రోజు ఎందుకు అంతంత పోశారు?" రెండో సీసా తీసి మూడో గిన్నెలో రెండు చుక్కలు వేసింది. కలిపింది. ఆగింది. "ఇది కాలిన గది వెనక మిగిలిన డ్రమ్ములోది. పెట్టండి సార్."

బుడగ తాకింది. పైకొచ్చింది. బోడిగా.

చిన్ని ఇంకో రెండు చుక్కలు వేసింది. మళ్ళీ బోడే. పది చుక్కలు వేసింది. పెద్దాయన మళ్ళీ మళ్ళీ ఆనించాడు. గుండు మీద కుంకుడు నురగలా ఖాళీ బుడగ.

పెద్దాయన గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి చూశాడు.

"ఎంతేసినా పట్టలేదు," అంది చిన్ని. "మా బావ చెప్పింది ఇదే సార్. అక్షరం పొల్లుపోకుండా ఇదే."

"మందు చచ్చిపోయింది," అన్నాడు ఫోర్‌మన్ తనలో తను.

"చచ్చింది. తేమ తగిలి, డ్రమ్ముల్లోనే కుళ్ళింది. ఊరికే కుళ్ళదది. కుళ్ళేటప్పుడు ఒక ఆవిరి వదుల్తుంది. అది గాలికన్నా బరువు, నేల మీద పాములా పాక్కుంటూ పోతుంది. పీలిస్తే తల తిరుగుతుంది. అందుకే ఆయన తల తిరిగిందన్నాడు. నేల మీదున్న పంపు మోటారులో ఒక్క నిప్పురవ్వ చాలు దానికి. అగ్గిపుల్ల అక్కర్లేదు, బీడీ అక్కర్లేదు, మత్తు అక్కర్లేదు." చిన్ని మేనేజరు కళ్ళలోకి చూసింది. "చచ్చిన మందుని గదినిండా పేర్చి, నురుగు బోడిగా వస్తుంటే ఇంకా పొయ్యి ఇంకా పొయ్యి అని మనిషిని అందులోకి తోసి, కాలినవాడి మీదే కేసు! ఒళ్ళు తెలియంది ఎవరికి సార్?"

క్యాంటీన్లో ఎవరో పళ్ళెం జారవిడిచిన చప్పుడు గదిలోకి స్పష్టంగా వచ్చింది. పెద్దాయన గొట్టాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. ఆయన మొహంలో తీర్పు దాదాపు కనపడుతూనే ఉంది. చిన్ని గుండె తేలికపడింది. పక్కకి చూసింది. అక్క మొహం సున్నం కొట్టినట్టుంది. ఆమె చూపు మూడో గిన్నె మీద అతుక్కుపోయింది. పాపం, బావ కళ్ళ ముందు మెదులుతున్నట్టున్నాడు అనుకుంది చిన్ని.

అప్పుడు నవ్వుల మేనేజరు చప్పట్లు కొట్టాడు. మెల్లగా, మూడే మూడు.

"అద్భుతం మేడమ్. కళ్ళు తెరిపించారు. ఒక్క చిన్న సందేహం. కొత్త డ్రమ్ములు స్టోర్స్‌కి రాగానే వాటిలోంచి ఒక సీసా నమూనా మీ ల్యాబుకొస్తుంది కదా? మీరు బుడగ పెట్టి చూసి సరే అన్నాకే డ్రమ్ములు గదిలోకెళ్తాయి. అవునా?"

"అవును."

"ఈ డ్రమ్ములకి సరే అన్నదెవరు?"

చిన్ని తడుముకోలేదు. "నేనే."

పర్సనల్ ఆఫీసరు కుర్చీలో నిటారుగా లేచి కూర్చున్నాడు. పెద్దాయన చెవి కాదు, ఈసారి మొహమే ఇటు తిరిగింది.

"నేనే అన్నాను," అంది చిన్ని. "ఎందుకంటే ఆ సీసాలో మందు బాగుంది. ఇదిగో, ఈ చేతుల్తోనే బుడగ పెట్టాను. ఈ రెండో గిన్నెలో లాగే నిండా పట్టింది. కావాలంటే నా ఉద్యోగం తీసుకోండి, కానీ నా కళ్ళు అబద్ధం చెప్పవు. నేను సరే అన్న వారంలోనే మంట లేచింది. అంతలో మంచి మందు కుళ్ళిపోదు. అంటే నా దగ్గరికొచ్చిన సీసాలోది ఈ డ్రమ్ముల్లో మందే కాదు. ఎవరో మంచి మందు వేరే చోట నుంచి తెచ్చి, ఆ సీసాలో నింపి నాకు పంపారు. ఎవరు పంపారో వాళ్ళే మా బావని తగలబెట్టారు. వాళ్ళని పట్టుకోండి. వాళ్ళెవరైనా సరే, ఈ బల్ల ముందుకి లాక్కొచ్చి నిలబెట్టండి!"

అరుపు లాంటి ఆ మాట గోడలకి తగిలి ఆగింది.

పెద్దాయన పెన్ను తీసుకున్నాడు. "న్యాయమే. అయితే చెప్పమ్మా. నమూనా సీసా మామూలుగా స్టోర్స్ అటెండరు సీలు వేసి తెస్తాడు కదా. ఆ రోజు కూడా అతనే తెచ్చాడా?"

చిన్ని నోరు తెరిచింది.

తెచ్చింది అటెండరు కాదు. ఆ రోజు మధ్యాహ్నం ల్యాబు తలుపు తోసుకుని వచ్చింది వేరే మనిషి. చేతిసంచిలో అన్నం డబ్బా పక్కన, చేతిరుమాల్లో చుట్టిన సీసా. 'ఎలాగూ నీ దగ్గరికే వస్తున్నా కదే, అటెండరుతో ఎందుకని నేనే తెచ్చేశా' అంటూ దాన్ని బల్ల మీద పెట్టి, డబ్బా మూత తీసి, 'ముందు తిను, తర్వాత చూద్దువులే' అంది. సీసాకి సీలు లేదు. ఎందుకు లేదని చిన్ని అడగలేదు. ఆ మనిషిని ఎవరైనా సీలు అడుగుతారా?

నవ్వుల మేనేజరు చిన్ని వైపు చూడటం లేదు. పెద్దాయన ప్రశ్న అడగక ముందు నుంచే ఆయన చూపు ఆమె పక్క కుర్చీ మీద ఉంది. ఆయన మొహంలో మొట్టమొదటిసారి నవ్వు లేదు.

"చెప్పమ్మా," అన్నాడు పెద్దాయన. "ఎవరు తెచ్చారు?"

పొద్దుటి నుంచి కోటు అంచుని వదలని చెయ్యి, ఒక్కో వేలూ విప్పుకుంటూ, వదిలేసింది.